మూడో పంపు మీద నడుస్తున్న నా డీజిల్ పికప్: 3,40,000 కిలోమీటర్ల తర్వాత

నా పికప్ 2017 జనవరిలో రోడ్డెక్కింది. ఈ వారం మీటరు 3,40,000 దాటింది. ఇంజన్ ఇంతవరకు విప్పలేదు. గేర్‌బాక్స్ జోలికి పోలేదు. క్లచ్ ప్లేటు రెండుసార్లు మారింది, అది నా కాలు పుణ్యం. ట్యాంకు నుంచి ఇంజన్‌కు డీజిల్ తోసే పంపు మాత్రం ఇప్పుడున్నది మూడోది. మొదటిది 2,15,000 కిలోమీటర్లు వచ్చింది. రెండోది 31,000కే చేతులెత్తేసింది. మూడోది 94,000 దాటి ఇంకా నడుస్తోంది. బండి అదే, డ్రైవరును నేనే, తిరిగే రోడ్డు కూడా అదే. అయినా పంపుల ఆయుష్షులో ఇంత తేడా ఎందుకు వచ్చిందో, అందులో నా తప్పెంతో రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

కంపెనీ పేరు రాయను. ఒకటింబావు టన్ను మోసే మామూలు పికప్, 2.5 లీటర్ల కామన్ రైల్ ఇంజన్, బీఎస్4 పొగ నిబంధనల కాలంది. ఈ తరగతి బళ్లు ఏ కంపెనీవి తీసుకున్నా లోపలి ఏర్పాటు ఇంచుమించు ఇలాగే ఉంటుంది, జబ్బులూ ఇవే. మాది చిత్తూరు వైపు పల్లె. ఇల్లు బెంగళూరు కేఆర్ పురంలో. ఏడాదిలో ఎనిమిది తొమ్మిది నెలలు కోలారు మార్కెట్ నుంచి సిటీకి టమాటా. మే నుంచి జూలై దాకా బంగారుపాళెం, దామలచెరువు నుంచి మామిడి. పోయేటప్పుడు ఖాళీగా పోకుండా ప్లైవుడ్డో, శానిటరీ సామానో ఏదో ఒక బాడుగ చూసుకుంటాను.

పంపు అని అందరం ఒక్క మాటలో అనేస్తాం కానీ నా బండిలో అది రెండు పనులు చేస్తుంది. ట్యాంకులో ఎలక్ట్రిక్ మోటారు లేదు. ఇంజన్‌కు బిగించిన హై ప్రెషర్ పంపు వెనకాలే చిన్న గేర్ల ఫీడ్ పంపు ఉంటుంది. అది ట్యాంకు నుంచి ఫిల్టర్ గుండా డీజిల్‌ను పీల్చుకుంటుంది. ఆ డీజిల్‌ను హై ప్రెషర్ పంపు రైల్ పైపులోకి తోస్తుంది. సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాలుగు ఇంజెక్టర్లకూ అక్కడినుంచే పోతుంది. ఇంజన్ ఆన్‌లో ఉండి బండి ఊరికే నిలబడి ఉన్నప్పుడు ఆ పైపులో 250, 300 బార్ ఉంటుంది. లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడు 1,600 దాకా పోతుంది. లారీ టైరులో గాలి 8 బార్ ఉంటుంది, దాంతో పోల్చుకోండి. అంత ఒత్తిడిని ఆపడానికి లోపల ముందుకూ వెనక్కూ ఆడే ప్లంజరు కడ్డీకీ దాని చుట్టూ గొట్టంలా ఉండే బ్యారెల్‌కూ మధ్య ఉండే సందు రెండు మూడు మైక్రాన్లు మాత్రమే. మన తలవెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. ఇంకో సంగతి, నాకు ఐదేళ్లకు పైగా తెలియనిది: ఈ పంపుకు ఇంజన్ ఆయిల్ అందదు. దాన్ని తడిపేదీ చల్లబరిచేదీ దాని గుండా పోయే డీజిలే.

ఇది నాకు తెలిసింది బంగారుపాళెం నుంచి పలమనేరుకు ఎక్కే మొగిలి ఘాట్‌లో.

2022 జూన్. బంగారుపాళెంలో బేనీషా మామిడి ఎత్తుకుని రాత్రి పదిన్నరకు బయలుదేరాను. క్రేట్లు క్యాబిన్ ఎత్తుకు మించి ఉన్నాయి. ఘాట్ సగం ఎక్కాక మూడో గేరులో లాగడం తగ్గింది. రెండుకు వేశాను. యాక్సిలరేటర్ అడుగుదాకా తొక్కినా 1,800 ఆర్పీఎం దాటడం లేదు. చెక్ లైటు వెలిగింది. ఇంకో మలుపు తిరిగేసరికి దగ్గినట్టు రెండుసార్లు ఊగి ఆగిపోయింది. ఆ ఘాట్ సంగతి ఆ దారిలో తిరిగేవాళ్లకు చెప్పనక్కర్లేదు. వెనకాల లారీలు, పక్కన లోయ. వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, మామిడాకుల కొమ్మ ఒకటి వెనక కట్టి, సెల్‌ఫోన్ వెలుతురులో బానెట్ ఎత్తాను.

ఫిల్టర్ మీద ఉండే చేతి ప్రైమర్, అంటే చేత్తో నొక్కి డీజిల్ ఎక్కించే బుడ్డి, నొక్కి చూస్తే మెత్తగా ఉంది. డీజిల్ నిండి ఉంటే నాలుగైదు నొక్కులకే గట్టిపడాలి. ఇది ఖాళీ పాల ప్యాకెట్‌లా లోపలికి పోతోంది. ఫిల్టర్ నుంచి పంపుకు పోయే సన్న పైపులో బుడగలు, ఒకదాని వెనక ఒకటి, సోడా సీసాలోలాగా. గాలి వదిలే బ్లీడింగ్ స్క్రూ వదులు చేసి నురగ పోయేదాకా నొక్కితే నలభై నిమిషాలకు స్టార్టయింది. రెండో గేరులోనే పలమనేరు చేరాను. పలమనేరులో టీ తాగుతూ చూస్తే డీజిల్ ముల్లు ఎర్రగీత కింద ఉంది. అప్పుడు కూడా ఆ రెండింటికీ సంబంధం ఉందని నాకు తట్టలేదు.

మర్నాడు బెంగళూరులో ఒక సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లాను. స్కానర్ పెడితే పీ0087 అని వచ్చింది. రైలులో ఉండాల్సిన ప్రెషర్ లేదని దానర్థం. ఎందుకు లేదో ఆ కోడ్ చెప్పదు. సర్వీస్ సెంటర్ మాత్రం చెప్పేసింది. పంపు, నాలుగు ఇంజెక్టర్లు మార్చాలి, 1,42,000 అని ఎస్టిమేట్ కాగితం చేతిలో పెట్టింది. బండి మీద అప్పు తీరి అప్పటికి నాలుగు నెలలే అయింది. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, కేఆర్ పురంలో నాకు ముందునుంచీ తెలిసిన ముళబాగిలు ఊరి మెకానిక్ దగ్గరికి వెళ్లాను. అక్కడివాళ్ల తెలుగు మా తెలుగుకు దగ్గరగా ఉంటుంది, బేరం ఆడటానికి నోరు సాగుతుంది.

అతను స్కానర్ కాగితం చూసి పక్కన పెట్టేశాడు. నాలుగు అరలీటరు వాటర్ బాటిళ్లు తెచ్చి, ఇంజెక్టర్లలో మిగిలిన డీజిల్ వెనక్కి పోయే రిటర్న్ పైపులు ఊడదీసి, ఒక్కో ఇంజెక్టర్‌కు సన్న గొట్టం పెట్టి ఒక్కో బాటిల్‌లోకి వదిలాడు. బాటిళ్లను తీగతో వరసగా వేలాడదీసి ఇంజన్ స్టార్ట్ చేయించాడు. రెండు మూడు నిమిషాలు ఇద్దరం మాట్లాడకుండా బాటిళ్లనే చూస్తూ నిలబడ్డాం. ఒకటి, రెండు, నాలుగులో డీజిల్ వేలెడు ఎత్తుకు వచ్చింది. మూడో దాంట్లో వేలున్నర. ఇంజెక్టర్ లోపల అరిగితే పంపు తోసిన డీజిల్ సిలిండర్‌లోకి పోకుండా వెనక్కి కారిపోతుంది. రైలులో ప్రెషర్ నిలవదు, నింద పంపు మీద పడుతుంది. నా బండిలో మూడో నంబరు కాస్త ఎక్కువ వదులుతోంది కానీ బండిని ఆపేసేంత కాదు.

తర్వాత పంపు మీద ఉండే సక్షన్ కంట్రోల్ వాల్వ్ విప్పాడు. గ్యారేజీల్లో దీన్ని ఎస్సీవీ అంటారు. పంపులోకి ఎంత డీజిల్ పోవాలో నిర్ణయించే చిన్న వాల్వ్ అది, బొటనవేలంత ఉంటుంది. దాని జల్లెడ మీద గోధుమరంగు జిగురు, అందులో సన్న మట్టి. మార్చడానికి 7,200 అయింది. ఫిల్టర్ మార్చి, ట్యాంకు నుంచి వచ్చే పైపుకు రెండు కొత్త క్లిప్పులు వేశాడు. బండి మళ్లీ మునుపటిలా లాగింది. సర్వీస్ సెంటర్ లక్షా నలభై రెండు వేలన్న జబ్బు పది వేల లోపు కుదిరిందని నేను సంబరపడుతుంటే అతను ట్యాంకు వైపు చూస్తూ అడిగాడు: "అన్నా, నువ్వు ఎప్పుడూ ఇట్ల ఖాళీ ట్యాంకుతోనే తిరుగుతావా?"

తిరుగుతాను. ఎందుకంటే ఆ రోజుల్లో బెంగళూరులో డీజిల్ లీటరు 88 రూపాయల దగ్గర ఉంటే మా చిత్తూరు వైపు 98, 99. ఆంధ్రాలో వ్యాట్ ఎక్కువ. సరిహద్దు దాటే ముందు నంగిలి దగ్గర కర్ణాటక వైపు బంకుల్లో ఏపీ నంబరు బళ్లు వరస కట్టేవి. నేనూ పోయేటప్పుడు అక్కడే 1,500కి కొట్టించేవాణ్ణి. ఫుల్ ట్యాంక్ కొట్టించేంత డబ్బు బాడుగ చేతికి రాకముందు ఎవరి దగ్గరుంటుంది? పదిహేడు లీటర్లు వస్తాయి. చిత్తూరు పోయి, తోటల చుట్టూ తిరిగి, లోడు ఎత్తుకుని మళ్లీ నంగిలి చేరడానికి బొటాబొటి. రిజర్వ్ లైటు దాదాపు ప్రతిసారీ మొగిలి ఘాట్ మొదట్లోనే వెలిగేది. ఎలాగోలా నంగిలి దాకా లాగితే లీటరుకు పది రూపాయలు మిగిలినట్టే అనుకునేవాణ్ణి.

ట్యాంకులో నాలుగైదు లీటర్లే ఉన్నప్పుడు ఏమవుతుందో ఆ రోజు అతను కూర్చోబెట్టి చెప్పాడు. ఎత్తు ఎక్కేటప్పుడు డీజిల్ అంతా ఒక మూలకు జరుగుతుంది, పైపు నోరు తేలిపోయి గాలి పీలుస్తుంది. అడుగున ఏళ్లుగా పేరుకున్న మట్టి, నీళ్లు ముందు అదే పైపులోకి వస్తాయి. మూడోది నేను ఎన్నడూ ఆలోచించనిది. ఇంజన్ నుంచి రిటర్న్ అయ్యే డీజిల్ వేడిగా ట్యాంకులోకి తిరిగొస్తుంది. ట్యాంకు నిండా ఉంటే ఆ వేడి కలిసిపోతుంది. అడుగున కాస్తే ఉంటే ఆ కాస్త డీజిలే తిరిగి తిరిగి కాగుతుంది, పలచబడుతుంది, పంపును తడిపే గుణం పోతుంది. "పంపు తాగేదీ డీజిలే, ఒంటికి పూసుకునేదీ డీజిలే. గాలి తాగిస్తే ఎన్నాళ్లుంటాది?" అన్నాడు. అర్థమైంది. కానీ అలవాటు పోలేదు. ఇంకో ఆరు నెలలు అలాగే తిరిగాను.

2023 జనవరికి కొత్త జబ్బు. పొద్దున చలిలో ఒక్క సెల్ఫ్‌కే స్టార్టయ్యేది. కోలారులో లోడు దించి టీ తాగి వచ్చేసరికి ఎంత తిప్పినా అందుకునేది కాదు. అరగంట ఆగితే మళ్లీ మామూలే. వేడి మీద స్టార్ట్ కాకపోవడం అరిగిన పంపు లక్షణం. చల్లటి డీజిల్ చిక్కగా ఉంటుంది, అరిగిన సందులో కూడా కాస్త నిలుస్తుంది. వేడెక్కితే పలచబడి జారిపోతుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు రైలులో 200 బార్ దాకా వస్తే తప్ప నా బండి కంప్యూటర్ ఇంజెక్టర్లను తెరవదు. స్కానర్‌లో చూస్తే పొద్దున 280 చూపించింది, వేడి మీద 120. కొన్నాళ్లు తడిగుడ్డ పంపు మీద కప్పి నీళ్లు పోసి స్టార్ట్ చేశాను. సిగ్గుపడే పనే, కానీ పని చేస్తుంది. మార్కెట్‌లో పక్క బళ్లవాళ్లు "జ్వరమా అన్నా, తడిగుడ్డ వేసినావు" అని నవ్వేవాళ్లు. మీటరు 2,15,000 దగ్గర మొదటి పంపు దించేశాం.

ఇక్కడ నేను చేసింది శుద్ధ తెలివితక్కువ పని. కొత్త పంపు 41,000 అన్నారు. ఒక షాపులో రీకండిషన్ పంపు 18,000కే ఇస్తామన్నారు, ఆరు నెలల వారంటీ. మా మెకానిక్ వద్దనలేదు, కావాలనీ అనలేదు. కూలి 3,500తో కలిపి 21,500తో పని అయిపోయిందని ఇంట్లో గొప్పగా చెప్పుకున్నాను. రీకండిషన్ అంటే అందరూ ఒకటే పని చేయరు. కొందరు కొత్త ప్లంజర్లు, కొత్త వాల్వులు, సీళ్లు వేసి, బెంచ్ మీద ఎక్కించి ప్రెషర్ చూసి ఆ చీటీ ఇస్తారు. కొందరు కడిగి, సీళ్లు మార్చి, వెండిరంగు పెయింట్ కొట్టి ఇస్తారు. నాకు చీటీ ఇవ్వలేదు, నేను అడగలేదు. పెయింట్ మాత్రం బాగుంది.

ఎనిమిదో నెలలో, 31,000 కిలోమీటర్లకు, బెంగళూరు టిన్ ఫ్యాక్టరీ కూడలి దగ్గర సాయంత్రం ఆరు గంటల ట్రాఫిక్‌లో బండి ఆగిపోయింది. అంతకు ముందు రెండు రోజులుగా పంపు వైపు నుంచి ఎండు బేరింగ్ అరిచినట్టు సన్నగా ఒక మోత. నేను ఆల్టర్నేటర్ బెల్ట్ అనుకున్నాను. వెనకాల బీఎంటీసీ బస్సులు, పక్కన బైకులు, ఆ హారన్ల మధ్య నలుగురు ఆటోవాళ్లు కలిసి పక్కకు తోశారు. ఎవరో కన్నడలో తిట్టారు, ఎవరో తమిళంలో సలహా ఇచ్చారు. ఆ కూడలి సంగతి తెలిసిందే.

ఈసారి ఎస్సీవీ విప్పగానే మెకానిక్ మాట్లాడలేదు. జల్లెడ మీద మెరుపు. ట్యాంకు దించి, మిగిలిన డీజిల్‌ను తెల్ల ప్లాస్టిక్ టబ్‌లోకి వంచాడు. ఎండలో టబ్ అడుగున చమ్కీ పొడి చల్లినట్టు మెరుస్తోంది. పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతాన్ని పాలిథిన్ కవర్‌లో పెట్టి టబ్‌లో తిప్పి పైకి తీశాడు. కవర్ మీద నల్లటి సన్న మీసం మొలిచింది. వేళ్ల మధ్య రుద్దితే గరుకు కూడా తెలియనంత మెత్తటి ఇనుము.

అది రెండో పంపు అరుగుదల ఒక్కటే కాదని అతనే చెప్పాడు. మొదటి పంపు అరిగినప్పుడు రాలిన పొడి రిటర్న్ పైపు గుండా ట్యాంకులో చేరి కూర్చుంది. మేం పంపు మార్చాం, ట్యాంకు ముట్టుకోలేదు. ఫిల్టర్ చాలా వరకు ఆపుతుంది, అన్నీ ఆపదు. పైగా అప్పుడు నేను వేసింది 250 రూపాయల ఫిల్టర్. "నాదీ తప్పే అన్నా. పోయినసారే ట్యాంకు దించాల్సింది. నీకు ఖర్చని వదిలేసినా," అన్నాడు. ఆ మాట అన్నందుకే ఇప్పటికీ అతని దగ్గరికే పోతున్నాను. రీకండిషన్ షాపుకు ఫోన్ చేస్తే వారంటీ రెండు నెలల క్రితమే అయిపోయిందనీ, నా ట్యాంకులో చెత్త ఉంటే వాళ్లేం చేస్తారనీ అన్నారు. రెండో మాట నిజమే కాబట్టి నేను పోట్లాడలేకపోయాను.

ఇలా పంపు లోపలి ఇనుము రాలి మొత్తం సిస్టమ్‌ను నాశనం చేయడం నా బండికే పట్టిన శని అనుకున్నాను. తర్వాత చదివితే అమెరికాలో పెద్ద పికప్పుల యజమానులు సీపీ4 అనే పంపు విషయంలో ఇదే గోలతో కోర్టుల దాకా పోయారని తెలిసింది. ఆ పంపులో ప్లంజరును తోసే కామ్ మీద దొర్లాల్సిన రోలరు పక్కకు తిరిగితే దొర్లకుండా రాసుకుంటుంది, ఇనుప రజను రైలులోకీ ఇంజెక్టర్లలోకీ ట్యాంకులోకీ పోతుంది. 2019, 2020 మోడల్ రామ్ బ్రాండ్ డీజిల్ ట్రక్కులను 2021లో రెండు లక్షలకు పైగా రీకాల్ చేసి, సీపీ4 తీసేసి అంతకు ముందరి సీపీ3 బిగించారు. నా పంపు ఆ రకం కాదు. కానీ పంపు పోయిందంటే పంపు ఒక్కటే పోదన్న సంగతి అక్కడా ఇక్కడా ఒకటే.

2023 సెప్టెంబరులో మూడోసారి పని పూర్తిగా చేయించాను. కొత్త పంపు 41,000. ఇంజెక్టర్లు బెంచ్ మీద పరీక్ష చేయిస్తే ఒకటీ మూడూ పనికిరావన్నారు, రెండూ కలిపి 29,000. రైల్ పైపు, సన్న పైపులు అన్నీ విప్పి కడగడం, ట్యాంకు లోపల కడిగి ఆరబెట్టడం, కూలి కలిపి 9,000. మొదటి ఎస్సీవీ నుంచి లెక్కేస్తే మొత్తం 1,07,700. ఆ పది రోజుల బాడుగ పోవడం ఇందులో లేదు. ఒక రాత్రి కూర్చుని ఇంకో లెక్క వేశాను. ప్రతి ట్రిప్పులో చిత్తూరులో ఒక పది లీటర్లు కొట్టించి ఉంటే ట్రిప్పుకు వంద రూపాయలు అదనం. అన్ని సీజన్లూ కలిపి నూట యాభై ట్రిప్పులు వేసుకున్నా 15,000 దాటదు. ఆ కాగితం మా ఆవిడ కంటపడకుండా చింపేశాను. అయినా తెలిసిపోయింది.

నా తప్పు వల్లే మొదటి పంపు పోయిందని బల్లగుద్ది చెప్పలేను. 2,15,000 అంటే లోడు బండికి మరీ తక్కువేం కాదు. కానీ మా ఊరి కుర్రాడు ఒకడు హొసకోటె నుంచి పాల వ్యాను నడుపుతాడు. అదే మోడల్, అదే సంవత్సరం బండి. వాళ్ల పాల డెయిరీకి ఒక బంకులో ఖాతా ఉంది, రోజూ పొద్దున ట్యాంకు నింపాకే బండి కదులుతుంది. వాడి మీటరు 3,80,000. పంపు షోరూమ్ నుంచి వచ్చిందే. వాడు బండిని నాకంటే మొరటుగా తోలుతాడు, గేర్లు పీకే పద్ధతి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అయినా వాడి పంపుకు ఏమీ కాలేదు.

డీజిల్ గురించి ఒక మాట. 2020 ఏప్రిల్‌లో దేశమంతా బీఎస్6 డీజిల్ వచ్చాక "కొత్త డీజిల్‌లో గంధకం లేదు, పంపులు తినేస్తోంది" అని మార్కెట్‌లో ప్రతి డ్రైవరూ అంటున్నాడు. గంధకం 50 పీపీఎం నుంచి, అంటే పది లక్షల పాళ్లలో 50 నుంచి, 10కి తగ్గిన మాట నిజం. కానీ పంపును జారుడుగా ఉంచేది గంధకం కాదు. గంధకం తీసేసే పనిలో డీజిల్‌లో సహజంగా ఉండే జారుడు పదార్థాలు కూడా పోతాయి. అందుకే రిఫైనరీలో వేరే అడిటివ్ కలుపుతారు. డీజిల్ ఎంత అరగదీస్తుందో కొలిచే పరీక్షలో ఇనుము మీద పడే అరుగుదల మచ్చ 460 మైక్రాన్లకు మించకూడదని నిబంధన కూడా ఉంది. నా మొదటి పంపు సగం జీవితం పాత డీజిల్ మీద, సగం కొత్త డీజిల్ మీద గడిపింది. మూడోది పూర్తిగా కొత్త డీజిల్ మీదే నడుస్తోంది. నాకు తేడా కనబడలేదు. ట్యాంకులో టూటీ ఆయిల్, అంటే టూ స్ట్రోక్ బళ్ల ఆయిల్, కలిపే అలవాటు చాలామందికి ఉంది. నేను కలపను. బీఎస్6 బళ్లవాళ్లు అసలు కలపకూడదు, సైలెన్సర్‌లో ఉండే ఫిల్టర్ పట్టేస్తుంది. డీజిల్‌లో నిజంగా భయపడాల్సింది కిరోసిన్ కల్తీకీ నీళ్లకూ.

"మా కాలంలో పంపులు పోయేవా?" అని మా మేనమామ ఎప్పుడూ దెప్పుతుంటాడు. ఆయన లారీకి మైకో పంపు ఉండేది. ఇప్పటి పిల్లలకు మైకో లేఔట్ అంటే బెంగళూరులో బీటీఎం దగ్గర ఒక ఏరియా. మైకో అంటే 1951లో మొదలైన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ అనీ, అడుగోడి ఫ్యాక్టరీ దానిదేననీ, 2008లో పేరు బాష్‌గా మారిందనీ ఆయన తరానికే తెలుసు. ఆయన మాట సగం నిజం. ఆ పాత వరస పంపుల్లో కామ్‌కు ఇంజన్ ఆయిల్ అందేది. ప్రెషర్ కూడా ఇప్పటి పంపులంత ఉండేది కాదు. కాస్త చెత్త పోయినా నల్లపొగ కక్కుతూ ఇల్లు చేరేవి. కానీ ఆ లారీ లీటరుకు ఎంత ఇచ్చేదో అడిగితే మామ మాట మారుస్తాడు.

ఇప్పుడు నేను చేసేవి పెద్దవేం కావు. పావు ట్యాంకుకు తగ్గనివ్వను. ఫిల్టర్ కంపెనీ చెప్పిన దానికి సగం దూరానికే, 10,000 కిలోమీటర్లకు మారుస్తాను. ఒరిజినల్ 650, నకలు 250. పోయినేడాది రెండింటినీ హాక్సా బ్లేడుతో కోసి చూశాను. ఒరిజినల్‌లో కాగితం మడతలు సన్నగా, దగ్గరగా, రెండు చివర్లా గట్టిగా అతికించి ఉన్నాయి. నకలులో మడతలు సగమే, ఒకచోట జిగురు ఊడి వేలు దూరేంత సందు. అంటే డీజిల్ ఫిల్టర్ కాకుండా పక్కనుంచే పోతోంది. డబ్బా మీద హోలోగ్రామ్ మాత్రం రెండింటికీ ఉంది.

ప్రతి సోమవారం ఫిల్టర్ అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదిలి గాజు సీసాలోకి కాస్త డీజిల్ పడతాను. నీళ్లుంటే అడుగున గీత గీసినట్టు వేరుగా కనిపిస్తాయి. మామూలుగా చెంచాడు కూడా ఉండవు. పోయిన అక్టోబరు వానల్లో ఒకసారి పావు సీసా వచ్చాయి. ఆ వారం కొత్తగా ఒక బంకులో కొట్టించాను, మళ్లీ అటు పోలేదు. డబ్బాల్లో అమ్మే డీజిల్ జోలికి పోను. నా బండిలా ట్యాంకులో మోటారు లేని బండైతే ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి: ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న పైపు పీల్చుకునే పైపు. దానికి చిల్లి పడితే కింద చుక్క కూడా పడదు, లోపలికి గాలి పోతుంది. రాత్రంతా ఆగిన బండి పొద్దున రెండు మూడు సెల్ఫులు ఎక్కువ తీసుకుంటుంటే పంపు అనుకునే ముందు ఆ పైపులూ క్లిప్పులూ చూడండి.

మార్కులు వేయమంటే షోరూమ్‌తో వచ్చిన పంపుకు పదికి ఎనిమిది వేస్తాను, తగ్గిన రెండూ నావే. రీకండిషన్ దానికి పెయింట్ కోసం ఒకటి. కొత్తదానికి ఇప్పుడే వేయను. చీటీ ఇచ్చే మంచి షాపులో చేసిన రీకండిషన్ పంపు రెండేళ్లుగా నడుపుతున్నవాళ్లు మా స్టాండ్‌లోనే ఇద్దరున్నారు, కాబట్టి దాన్ని పూర్తిగా తీసిపారేయలేను. సెకండ్ హ్యాండ్ పికప్ కొనేవాళ్లు మాత్రం బండిని వేడెక్కేదాకా తిప్పి, ఆపి, పది నిమిషాలయ్యాక స్టార్ట్ చేసి చూడండి. అమ్మేవాడు ఆ పది నిమిషాలూ కాఫీ ఇచ్చి ఇంజన్ చల్లారేదాకా కబుర్లు చెబుతుంటే అనుమానించండి.

పోయిన వారం మళ్లీ మొగిలి ఘాట్ ఎక్కాను. బంగారుపాళెంలోనే వెయ్యి రూపాయలకు డీజిల్ కొట్టించాను, మనసు ఇంకా చివుక్కుమంటూనే ఉంది. మూడో గేరులోనే పైదాకా లాగింది. పలమనేరులో టీ తాగి, వేడి మీదే తాళం తిప్పితే ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. పొద్దున చలిలో మాత్రం ఒక అర నిమిషం సన్నగా కుయ్యిమంటోంది. మెకానిక్ చెవి పెట్టి విని ఈసారి నిజంగా ఆల్టర్నేటర్ బెల్టే అన్నాడు. అయినా వచ్చే ఆదివారం ఎస్సీవీ విప్పి జల్లెడ చూడమన్నాను. ఆ స్పీకర్ అయస్కాంతం నా డాష్‌బోర్డులోనే ఉంది.